డర్ట్ బైకు ఇంజనులో ఆయిలు కారుట: కారణాలు, మరమ్మతు

మట్టిదారులకు, రాళ్ల బాటలకు అనువుగా తయారైన మోటారుసైకిలును డర్ట్ బైకు అంటారు. మన దేశంలో 2019లో విడుదలైన హీరో ఎక్స్‌పల్స్ 200 రహదారికీ మట్టిదారికీ ఉభయతారకంగా రూపొందిన బండి. ఇటువంటి ఒక సిలిండరు ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఉండే ఆయిలు ఇంచుమించు ఒక లీటరు మాత్రమే. పిస్టనుకు, క్లచ్చుకు, గేర్లకు అదే ఆధారం. అందులో పావు వంతు కారిపోయినా ఇంజను పట్టుకుపోయే ప్రమాదం ఉంది. కారిన ఆయిలు వెనుక టైరుపై గాని బ్రేకు డిస్కుపై గాని పడితే ప్రాణానికే ముప్పు. కనుక ఆయిలు చెమ్మను చిన్న లోపంగా భావించరాదు.

కారే చోటు వేరు, కనిపించే చోటు వేరు

ఆయిలు పైనుండి క్రిందికి జారుతుంది. బండి వేగానికి గాలి దానిని వెనుకకు నెడుతుంది. అందువలన క్రింద చుక్కలు కనిపించినంత మాత్రాన డ్రైన్ బోల్టుదే దోషమని నిర్ణయించరాదు. చైనుకు పూసిన నూనె చిమ్మి స్ప్రాకెట్ కవరు వద్ద చేరి, ఇంజను ఆయిలువలె భ్రమ కలిగించడమూ కద్దు.

ఇంజను చల్లారిన తరువాత కిరసనాయిలుతో, బ్రష్షుతో శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పిమ్మట అనుమానమున్న అతుకులపై టాల్కం పౌడరు పలుచగా చల్లి, పది నిమిషాలు ఇంజను నడపాలి. పొడి తడిసిన చోట్లలో అన్నిటికంటె ఎత్తున ఉన్నదే అసలు మూలం.

ముఖ్య కారణాలు

మొదట పరిశీలించవలసినది బ్రీదరు పైపు. ఇంజను లోపలి ఒత్తిడి బయటకు పోయే మార్గమిది. బళ్లారి, రాయచూరు ప్రాంతాల రేగడి బురద ఇందులో గడ్డకట్టితే, ఒత్తిడి సీళ్ల గుండా ఆయిలును బయటకు తోస్తుంది. కొలతకు మించి ఆయిలు పోసినా ఇట్టి ఫలితమే కలుగవచ్చును. ఈ రెండింటినీ సరిచూడక సీలు మార్చితే కొత్త సీలు కూడా కారుతుంది.

తక్కిన కారణాలు ఇవి: డ్రైన్ బోల్టు వాషరు నలిగిపోవుట, టాపెట్ కవరు రబ్బరు వేడికి గట్టిపడుట, క్లచ్ కవరు ప్యాకింగు చినుగుట, ముందు స్ప్రాకెట్టు వెనుక నున్న ఆయిలు సీలు బురదకు అరుగుట, బండి పడినపుడు గేరు లివరు షాఫ్టు వంగి దాని సీలు పాడగుట, రాయి తగిలి కవరు పగులుట. చైను మితిమీరి బిగించినా స్ప్రాకెట్టు షాఫ్టు బేరింగుపై, సీలుపై భారం పడుతుంది.

మరమ్మతు విధానం

క్లచ్ కవరు విప్పే ముందు ఆయిలు తీసివేయాలి. బోల్టుల పొడవులు వేర్వేరుగా ఉంటాయి. అట్టముక్కపై కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఏ చోటిదో అక్కడే గుచ్చి ఉంచడం మంచిది. పాత ప్యాకింగును ఉలితో గీకరాదు. అల్యూమినియంపై పడిన చిన్న గాటు కూడా కారుటకు దారి అవుతుంది. వెదురు చెక్కతో నిదానంగా తీయాలి.

కొత్త కాగితపు ప్యాకింగుకు సాధారణంగా సీలెంటు అవసరం లేదు. అది దట్టంగా పూస్తే లోపలికి పొంగి, ముక్కలై, ఆయిలు పంపు జాలిని మూసివేయగలదు. కారుట ఆగినట్లు తోచినా ఇంజనుకు ఆయిలు అందదు.

ఆరు మిల్లీమీటర్ల కవరు బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలును. అనగా 10 సెంటీమీటర్ల పానా చివర 10 కిలోల బరువు వేలాడదీసినంత. కచ్చితమైన సంఖ్య బండి సర్వీసు పుస్తకంలో చూడాలి. బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు విడతలలో బిగించాలి. కారుతున్నదని బలంకొద్దీ బిగిస్తే అల్యూమినియం మరలు తెగి, చిన్న పని పెద్ద ఖర్చవుతుంది.

ఆయిలు సీలు మార్చునపుడు షాఫ్టు గాళ్లపై పలుచని టేపు చుట్టి, సీలు పెదవికి గ్రీజు రాయాలి. స్ప్రింగు ఉన్న వైపు ఆయిలు వైపునకు ఉండాలి. సీలు చుట్టుకొలతకు సరిపడు సాకెట్టు నానించి, వంకర పోకుండా మెల్లగా తట్టాలి.

చివరగా

కారుట తగ్గుతుందని చిక్కని ఆయిలు గాని, కారు ఆపుతామనే మందులు గాని పోయరాదు. క్లచ్చు అదే ఆయిలులో మునిగి ఉంటుంది గనుక అది జారవచ్చును. కంపెనీ సూచించిన చిక్కదనం గల, జాసో ఎంఏ లేక ఎంఏ2 గుర్తు ఉన్న ఆయిలునే వాడాలి. పని ముగిసిన తరువాత మరల పొడి చల్లి నడిపి చూడాలి. సమతల నేలపై బండిని నిటారుగా నిలిపి మట్టం సరిచూడాలి. తీసిన ఆయిలును పొలంలోను, కాలువలోను పారబోయక, డబ్బాలో పట్టి పాత ఆయిలు సేకరించేవారికి ఇవ్వాలి.