అద్దె గోడల మహా సంత

2022 ఫిబ్రవరి చివర్లో ఒక ఉదయం దేశంలో చాలా ఊళ్ళలో బిగ్ బజార్ షట్టర్లు పైకి లేవలేదు. రెండు రోజులు దుకాణాలు పనిచేయవని కంపెనీ ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఆ రెండు రోజులు ఇంకా పూర్తి కాలేదు. కొన్నాళ్ళకు అవే మెట్ల పైన, అవే గోడల మీద స్మార్ట్ బజార్ అనే కొత్త బోర్డు లేచింది. పండగ సామాన్ల కోసం పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళిన దుకాణం, బుధవారం బజారుకు కూరగాయల సంచీతో పరుగెత్తిన దుకాణం అలా పోయింది. ఆ దుకాణాన్ని కలగన్న కిశోర్ బియానీ చేతిలో అప్పటికి మిగిలినవి కోర్టు కాగితాలే.

ముగింపు తెలిసిన కథే ఇది. అయినా మొదటి నుంచీ చెప్పుకుందాం. ఎక్కడ ఆగి ఉంటే బాగుండేదో, ఎక్కడ మలుపు తిరిగి ఉంటే బతికేదో చూసుకుంటూ వెళదాం.

రాజస్థాన్‌లో నింబి అనే చిన్న ఊరి నుంచి బియానీ తాత ధోవతులూ చీరలూ అమ్ముకోవడానికి బొంబాయి చేరాడు. 1961లో పుట్టిన మనవడు కామర్స్ చదివాడు గానీ పాఠాల మీద మనసు నిలవలేదు. కల్బాదేవిలో కుటుంబానికి బట్టల వ్యాపారం ఉండేది. ఆ గద్దె మీద పరుపేసుకుని కూర్చుని, తండ్రి తాతల పద్ధతిలో లెక్కలు చూసుకోవడం ఆయనకు ఊపిరాడనివ్వలేదు. స్నేహితులు స్టోన్‌వాష్ గుడ్డతో కుట్టించుకున్న ప్యాంట్లు వేసుకు తిరుగుతుంటే చూసి, ఆ గుడ్డ ఎక్కడ దొరుకుతుందో వెతికి తెచ్చి, దుకాణాలకు అమ్మాడు. ఏ మేనేజ్‌మెంట్ స్కూల్లోనూ ఆయన చదువుకోలేదు. మనుషులు ఏం వేసుకుంటున్నారు, దేన్ని తడిమి చూస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు అని చూడటమే ఆయన చదువు. 1987లో ప్యాంట్ల కంపెనీ పెట్టారు. 1992లో అది షేర్ మార్కెట్‌కు వచ్చింది. 1997లో కలకత్తా గరియాహాట్‌లో తొలి పాంటలూన్స్ పెద్ద దుకాణం తెరిచారు.

ఆ తర్వాతది మనందరికీ గుర్తున్న కాలం.

మద్రాసు టి.నగర్, రంగనాథన్ వీధిలో శరవణా స్టోర్స్ రద్దీని చూసి ఆయన తన పాఠం నేర్చుకున్నారు. అక్కడ జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు, చెమటలు కక్కుతున్నారు, అయినా కొంటూనే ఉన్నారు. అద్దంలా మెరిసే నేల, వెడల్పాటి దారులు, గొంతు పెగలని నిశ్శబ్దం చూస్తే మన మధ్యతరగతి ఇల్లాలు గుమ్మం దగ్గరే ఆగిపోతుందని ఆయనకు అర్థమైంది. 1999లో బొంబాయిలో క్రాస్‌రోడ్స్ అనే మాల్ వచ్చింది. మొదట్లో లోపలికి రానివ్వాలంటే చేతిలో క్రెడిట్ కార్డో సెల్‌ఫోనో ఉండాలన్నారు. బియానీ దానికి సరిగ్గా ఎదురు దారి పట్టారు. 2001లో కలకత్తా, హైదరాబాద్, బెంగళూరుల్లో 22 రోజుల వ్యవధిలో మూడు బిగ్ బజార్లు తెరిచారు. వాటి గుమ్మాల దగ్గర ఎవరూ ఎవరి జేబునూ చూడలేదు.

ఆ దుకాణంలో బియ్యం దగ్గర ఒక్క నిమిషం నిలబడదాం. సంచుల్లో కట్టి అరల్లో పేర్చడం తేలిక. ఆయన అలా చేయనివ్వలేదు, రాశులు పోయించారు. కొంగు నడుముకి దోపుకున్న ఆవిడ వచ్చి గుప్పెడు తీస్తుంది. అరచేతిలో పరిచి నూక ఎంతుందో చూస్తుంది. బొటనవేలితో ఒక గింజ నొక్కి, రెండు గింజలు పంటి కింద వేసుకుని, పక్కనున్న కుర్రాణ్ణి “పాతవేనా బాబూ?” అని అడుగుతుంది. అంత ఏసీలో, అన్ని ట్యూబ్‌లైట్ల కింద కూడా, ఆవిడ తన వీధి కొట్లో నిలబడినట్టే నిలబడుతుంది. ఆ ధైర్యాన్ని ఆయన అమ్మకానికి పెట్టలేదు, ఊరికే ఇచ్చారు. మన దేశంలో దుకాణదారులకు ఇంతకన్నా పెద్ద మార్కెటింగ్ పాఠం చెప్పినవాళ్ళు తక్కువ.

ఇంట్లో పాత సామానుంటే తెమ్మన్నారు. జనం పాత పేపర్ల కట్టలు, సొట్టలు పడ్డ గిన్నెలు, పొట్టివైన పిల్లల బట్టలు మూటగట్టుకుని ఆటోల్లో దిగారు. తూకం వేయించుకుని కూపన్లు పుచ్చుకుని సగర్వంగా లోపలికి నడిచారు. 2006 జనవరి 26న ఏడాదిలోకెల్లా చవకైన రోజు అన్నారు. వచ్చిన జనాన్ని అదుపు చేయలేక పోలీసులను పిలవాల్సి వచ్చింది, కొన్నిచోట్ల తలుపులు మూయాల్సి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 2004లో, హైదరాబాద్ పంజాగుట్టలో ఆయన సెంట్రల్ మాల్ వచ్చింది. చేతిలో డబ్బున్నా లేకపోయినా ఒక సాయంత్రం అలా వెళ్ళి ఎస్కలేటర్ ఎక్కి దిగి వచ్చినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో ఎంతమంది ఉంటారో!

ఇంత ఆదరణలోనే ఒక లోపం ఉంది. చిల్లర వ్యాపారం పైకి సరుకు వ్యాపారంలా కనిపిస్తుంది గానీ, అడుగున అది స్థలం వ్యాపారం. చదరపు అడుగుకి ఎంత అద్దె కడుతున్నాం, ఆ అడుగు మీద ఎంత అమ్ముతున్నాం అన్న రెండు అంకెల మధ్య సందులోనే దుకాణం ఊపిరి తీసుకుంటుంది. బియానీ దుకాణాలు నిలబడ్డ గోడలు చాలావరకు ఆయనవి కావు. మాల్స్ కట్టడానికి క్షితిజ్ పేరుతో నిధి కూడా సమీకరించారు గానీ, దుకాణాల పరుగు నిధి కన్నా వేగంగా సాగింది. స్థలం దొరికిన చోటల్లా లీజు రాసుకున్నారు, అప్పు తెచ్చారు, సరుకు నింపారు.

అదే బొంబాయిలో రాధాకిషన్ దమానీ 2002లో పొవాయ్‌లో తొలి డీమార్ట్ తెరిచారు. ఆయన వీలైనంతవరకు స్థలం కొని కట్టుకునేవారు. అందుకే ఆయన నడక నత్త నడక. పదిహేనేళ్ళు గడిచి షేర్ మార్కెట్‌కు వచ్చిన 2017 మార్చి నెలాఖరుకి ఆయనకున్నవి 131 దుకాణాలు. ఆ కాలంలో పత్రికలన్నీ బియానీ ముఖచిత్రాలు వేశాయి, దమానీ మొహం చాలామందికి తెలియనే తెలియదు. ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బియానీ మీద కోపం రాదు, జాలి వేస్తుంది. జనం నాడి ఆయనకు తెలిసినంతగా దమానీకి తెలుసని నేననుకోను. దమానీకి తెలిసింది ఒక్కటే, ఇంటి యజమాని ఎప్పటికైనా తలుపు తడతాడని.

మొదటి తట్టు 2012లో వినిపించింది. అప్పు పెరిగి, వడ్డీ మోయలేక, తన తొలి బిడ్డ లాంటి పాంటలూన్స్‌ను ఆదిత్య బిర్లా సంస్థకు ఇచ్చేశారు. బదిలీ అయిన అప్పుతో కలిపి ఆ ఒప్పందం విలువ 1,600 కోట్ల రూపాయలు. ఆర్థిక సేవల కంపెనీ ఫ్యూచర్ క్యాపిటల్‌ను కూడా అదే ఏడాది వార్‌బర్గ్ పింకస్‌కు అమ్మారు. గుండె కోసినంత నొప్పి అయ్యుంటుంది. ఇక్కడ ఆగి ఉంటే! మిగిలిన దుకాణాలను సర్దుకుని, నడవని వాటిని మూసి, మూడు నాలుగేళ్ళు ఊపిరి పీల్చుకుని ఉంటే! ఈ కథలో నేను మళ్ళీ మళ్ళీ వచ్చి ఆగే చోటు ఇదే. ఎందుకంటే ఆ రోజుకి ఆయన చేతిలో ఇంకా సమయం ఉంది, పేరుంది, బిగ్ బజార్ ఉంది.

ఆగలేదు. 2014లో నీల్‌గిరిస్ కొన్నారు. 2015లో భారతీ వాళ్ళ ఈజీడే కలుపుకున్నారు. 2016లో మన హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలు తీసుకున్నారు. 2017లో హైపర్‌సిటీ. 2020 నాటికి 400కి పైగా ఊళ్ళలో 1,500కి పైగా దుకాణాలు. ఒక్కో దుకాణం వెనుక ఒక లీజు, ఒక్కో లీజు వెనుక నెలనెలా కట్టాల్సిన అద్దె. తమ సొంత వాటాలు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు వేరే.

2019 ఆగస్టులో అమెజాన్ వచ్చింది. బియానీ ఫ్యూచర్ గ్రూపులోని ఫ్యూచర్ కూపన్స్ అనే కంపెనీలో 49 శాతం వాటాకు 1,400 కోట్లకు పైగా పెట్టింది. డబ్బుతో పాటు కొన్ని షరతులూ వచ్చాయి. దుకాణాల వ్యాపారాన్ని ఎవరికి అమ్మకూడదో ఒక జాబితా ఉంది. అందులో రిలయన్స్ ఉంది. డబ్బు అవసరమైన మనిషి సంతకం పెట్టేటప్పుడు అలాంటి జాబితాని ఎంత శ్రద్ధగా చదువుతాడు? చదివే ఉంటారు. ఆ పేరుతో పని పడుతుందని అనుకుని ఉండరు.

ఏడు నెలలకే లాక్‌డౌన్ పడింది. షట్టర్లు దిగాయి, షేర్ ధర కూలింది, తాకట్టు వాటాలు అప్పులిచ్చినవాళ్ళ చేతుల్లోకి జారాయి. మొదటి మూడు నాలుగు నెలల్లోనే దాదాపు 7,000 కోట్ల అమ్మకాలు పోయాయని, అద్దె ఆగదని, వడ్డీ ఆగదని ఆ ఏడాది రిటైల్ వ్యాపారుల సదస్సులో ఆయనే చెప్పుకున్నారు. గత ఆరేడేళ్ళలో కంపెనీలు మరీ ఎక్కువగా కొన్నామని కూడా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు ఎనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

2020 ఆగస్టు 29న రిలయన్స్ ఒప్పందం బయటికొచ్చింది. దుకాణాలు, గోదాములు, రవాణా అన్నీ కలిపి 24,713 కోట్లు. అది జరిగి ఉంటే బ్యాంకులకు చాలా భాగం చేరేది, సరుకిచ్చినవాళ్ళకు అందేది. అక్టోబరులో అమెజాన్ ఫిర్యాదు మీద సింగపూర్ ఆర్బిట్రేటర్ ఆపమన్నారు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు, కాంపిటీషన్ కమిషన్, మళ్ళీ సింగపూర్. ప్రపంచంలోని ఇద్దరు మహా ధనవంతుల కంపెనీలు పట్టుదలకు పోతుంటే, మధ్యలో ఉన్న దుకాణానికి పాలవాడు పాలు వేయడం మానేశాడు. ఒక్కో అర ఖాళీ అవుతూ వచ్చింది. వాయిదా పడ్డ రోజులకు కూడా అద్దె లెక్క నడుస్తూనే ఉంది.

అద్దెలు అందని భవన యజమానులు రిలయన్స్ దగ్గరికి వెళ్ళారు. రిలయన్స్ ఆ లీజులను తన పేరిట రాయించుకుని, తిరిగి ఫ్యూచర్‌కే ఉప అద్దెకు ఇచ్చింది. పైకి ఏమీ మారలేదు. బోర్డు అదే, యూనిఫాం అదే, బిల్లు మీద పేరు అదే. గోడలు మాత్రం చేతులు మారాయి. 2022 ఫిబ్రవరి చివర్లో ఆ ఉప అద్దెలు రద్దయ్యాయి. 835 దుకాణాలకు నోటీసులు అందాయి, తర్వాత ఆ సంఖ్య 947కి చేరింది. ఇరవై ఏళ్ళు కట్టిన సామ్రాజ్యాన్ని కొనాల్సిన పని లేకపోయింది. తలుపు తాళాలు మారిస్తే సరిపోయింది.

మార్చి మొదట్లో సుప్రీంకోర్టులో అమెజానే మాట్లాడుకుందామంది. పన్నెండు రోజులు గడువు దొరికింది. ఆ మాట ఏడాది ముందు వచ్చి ఉంటే! మాటలు విఫలమయ్యాయి. అప్పటికే మాట్లాడుకోవడానికి దుకాణాలు మిగల్లేదు. ఏప్రిల్‌లో తాకట్టు హక్కున్న అప్పులవాళ్ళలో 69 శాతానికి పైగా రిలయన్స్ ఒప్పందాన్ని తిరస్కరించారు. రిలయన్స్ తప్పుకుంది. జులైలో బ్యాంక్ ఆఫ్ ఇండియా పిటిషన్ మీద, బిగ్ బజార్లు నడిపిన ఫ్యూచర్ రిటైల్ దివాలా విచారణలోకి వెళ్ళింది.

2023 జనవరిలో బియానీ రాజీనామా లేఖ పంపారు. కంపెనీ బాధ్యత చూస్తున్న రిజల్యూషన్ ప్రొఫెషనల్ ఆ లేఖలోని మాటలకు అభ్యంతరం చెప్పడంతో మార్చిలో దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తాను కట్టిన ఇంటి నుంచి బయటికి నడిచే స్వేచ్ఛ కూడా ఆయనకు సులువుగా దొరకలేదు. ఏడాది తర్వాత ముంబయిలో సోబో సెంట్రల్ అనే పాత మాల్‌ను 476 కోట్లకు కె.రహేజా సంస్థ కొంది. అది బియానీ కుటుంబ కంపెనీ ఆస్తి. ఆ డబ్బు నేరుగా బ్యాంకుల అప్పుకి పోయింది. ఆ మాల్ పాత పేరు క్రాస్‌రోడ్స్. ఒకప్పుడు గుమ్మం దగ్గర జేబులు చూసిన మాల్ చివరికి ఆయన చేతికొచ్చింది, వచ్చినట్టే పోయింది.

ఇందులో దుర్మార్గుణ్ణి వెతికితే దొరకడు, అందరూ తమ కాగితం ప్రకారమే నడుచుకున్నారు. అమెజాన్ తన ఒప్పందం చూపించింది, రిలయన్స్ తన లీజు చూపించింది, బ్యాంకులు తమ పద్దు చూపించాయి. బియానీ చూపించడానికి జనం ప్రేమ తప్ప ఏమీ లేదు, దానికి రిజిస్ట్రేషన్ ఉండదు. కానీ ఆయన్ని పూర్తిగా వెనకేసుకు రావడం కూడా నాకు చేతకాదు. ప్రతి కొత్త దుకాణం ప్రారంభం రోజున రిబ్బను కత్తిరించే చప్పట్లలో, నెల తిరిగేసరికి వచ్చే అద్దె బిల్లు ఆయనకు వినపడకపోవడం ఆయన తప్పే. అది ఆయన ఒక్కరికే శిక్ష అయి ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు.

కంపెనీని బతికించడానికి చివరికి వచ్చిన బిడ్ 550 కోట్లు. వేల కోట్ల బకాయిల ముందు అప్పులవాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. 2024 జులై చివర్లో దివాలా కేసు వింటున్న ముంబయి ట్రిబ్యునల్ ఫ్యూచర్ రిటైల్‌ను అమ్మి మూసేయమని ఆదేశించింది. దివాలా చట్టంలో డబ్బు పంచే వరుస ఒకటుంది. ముందు ప్రక్రియ ఖర్చులు, తర్వాత ఒకే మెట్టు మీద తాకట్టున్న బ్యాంకులూ కార్మికుల జీతాలూ, ఆపైన ఇతర ఉద్యోగుల బకాయిలు, తాకట్టు లేని ఆర్థిక రుణాలు, ప్రభుత్వ పన్నులు. ఆ రాశుల్లోకి బియ్యం పోసిన మిల్లరు, పప్పులు పంపిన చిన్న వ్యాపారి, సంచులు కుట్టిచ్చినవాడు ఆ వరుసలో వాళ్ళందరి తర్వాత, వాటాదారుల కన్నా ఒక్క మెట్టు ముందు నిలబడి ఉన్నారు.