నమ్మకమూ, లెక్కల పుస్తకమూ

పోయిన దీపావళి సమావేశంలో భోజనాల దగ్గర ఒక మాట మా చెవిన పడింది. "మనవాడే కదండీ, దేవుడంటే భయమున్న మనిషి. ఆయన చేతిలో డబ్బు పెడితే బ్యాంకులో వేసుకున్నట్లే" అని ఒకరు మరొకరికి ధైర్యం చెబుతున్నారు. మేము నోరు మెదపలేదు. కొన్నేళ్ళ కిందట సరిగ్గా ఇట్లాంటి మాటే నమ్మి మేమూ సంతకం పెట్టాం. ఆ పెద్దమనిషి ఆదివారం చర్చి తప్పేవాడు కాదు. మా ఇంట్లో భోజనానికి కూర్చున్నా ముందు ప్రార్థన చేసేవాడు. అటువంటివాణ్ణి లెక్కలు చూపమంటే ఆయన భక్తిని శంకించినట్లవుతుందని మొహమాటపడ్డాం. సొమ్ము పోయింది. పోయిన సొమ్ము మాట అటుంచితే, భక్తునికీ లెక్కల పుస్తకానికీ ఉన్న సంబంధమేమిటన్న ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు. దానికి సమాధానం మనం ఉంటున్న ఈ ఇంగ్లండు చరిత్రలోనే దొరికింది. అది పాఠక మిత్రులకు చెప్పుకోవాలని ఈ ప్రయత్నం.

క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ 17వ శతాబ్దం మధ్యకాలంలో జార్జి ఫాక్స్ బోధనల వల్ల ఏర్పడింది. వీరి ప్రార్థనా మందిరంలో పూజారి ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ప్రేరణ కలిగినవారు లేచి నాలుగు మాటలు చెబుతారు. వీరు కోర్టులో సైతం ప్రమాణం చేయరు. ప్రమాణం చేసినప్పుడే నిజం చెబుతామంటే మిగతా వేళల్లో అబద్ధం చెబుతామనే కదా అర్థం అని వారి వాదన. ఈ పట్టుదల వల్ల వారికి సర్కారు కొలువులు దక్కలేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పట్టాలూ దక్కలేదు. మిగిలింది వ్యాపారం. అందులోనూ బేరమాడటం అబద్ధమాడటమేనని ఎంచి, అందరికీ ఒకటే ధర చెప్పేవారు. చిన్నపిల్లవాణ్ణి పంపినా మోసం జరగదని పేరు వచ్చింది. అట్లాంటి వర్తకుని దగ్గర ఇరుగుపొరుగువారు డబ్బు దాచుకోవటం సహజమే.

1690 నాటికి జాన్ ఫ్రీమ్, థామస్ గౌల్డ్ అనే ఇద్దరు క్వేకర్లు లండన్ లాంబార్డ్ వీధిలో బంగారు పనితో పాటు డబ్బు వ్యవహారాలూ నడుపుతున్నారు. నేటి బార్‌క్లేస్ బ్యాంకుకు మూలం అదే. 1765లో బర్మింగ్‌హాంలో ఇనుప వ్యాపారి శాంప్సన్ లాయిడ్, బొత్తాలు తయారుచేసే జాన్ టేలర్‌తో కలిసి బ్యాంకు పెట్టాడు. లాయిడ్ క్వేకరు, టేలరు కాదు. నారిచ్ పట్టణంలో ఉన్ని వ్యాపారం చేసే గర్నీ కుటుంబం 1770లో బ్యాంకు తెరిచింది.

ఇంతవరకు విన్నవారు, భక్తిపరులు కనుక నిజాయితీగా ఉన్నారని సరిపెట్టుకుంటారు. మేమూ మొదట అట్లాగే అనుకున్నాం. చదివినకొద్దీ వేరే సంగతి బయటపడింది. క్వేకర్లు ఒకరి భక్తిని చూసి ఒకరు ఊరుకోలేదు. నెలనెలా జరిగే సభలో మతవిషయాలతో పాటు అప్పుల ప్రస్తావన కూడా వచ్చేది. సభ్యులు మాట ప్రకారం బాకీలు తీరుస్తున్నారా, తాహతుకు మించిన వ్యాపారంలో దిగుతున్నారా అని విచారించేవారు. ప్రతివారూ ఏడాదికొకసారి తమ ఆస్తి అప్పుల లెక్క తామే సరిచూసుకోవాలని పెద్దల హితవు. ఎవరైనా ఇబ్బందుల్లో ఉన్నారని తెలిస్తే, అనుభవజ్ఞులైన సభ్యులను వారి ఇంటికి పంపేవారు. వారు వెళ్ళి పుస్తకాలు చూసి, ఖర్చు తగ్గించుకోమనో, ఉన్నది అమ్మి బాకీదార్లకు కట్టమనో సలహా చెప్పేవారు. నేడు ఫీజు తీసుకొని ఇచ్చే ఆర్థిక సలహాను ఆనాడు వారు మతధర్మంగా ఇచ్చారన్నమాట. వైద్యవృత్తిలో ఉన్నవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జబ్బు ముదరకముందు చూపించుకున్న రోగికీ, ముదిరాక వచ్చిన రోగికీ ఉన్న తేడా ఇదే.

పరుల సొమ్ముతో దివాలా తీసినవారిని సంఘం నుంచి తొలగించేవారు. ఇది మన పల్లెల్లోని వెలివంటిది కాదు. ప్రార్థనకు వచ్చి కూర్చోవచ్చు, కాని సభ్యత్వం ఉండదు. ఈ కట్టుబాటు ఎంతవారినీ విడిచిపెట్టలేదు. న్యూగేట్ జైలులో స్త్రీ ఖైదీల దుస్థితి మార్చటానికి పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై పేరు వినని వారుండరు. 2002లో వచ్చిన 5 పౌన్ల నోటు మీద ఆమె బొమ్మ వేశారు. ఆమె గర్నీల ఆడపడుచు. 1828లో ఆమె భర్త జోసెఫ్ ఫ్రై బ్యాంకు మూతపడింది. సంఘం ఆయనను తొలగించింది. దేశమంతా గౌరవించే ఇల్లాలి భర్త అని చూడలేదు. ఆ కుటుంబం పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి మారింది. కఠినమే అనిపిస్తుంది, కాని డబ్బు దాచుకున్న బీదసాదల తరఫున ఆలోచిస్తే అందులో న్యాయం కనబడుతుంది.

ఆ ఎలిజబెత్ తమ్ముడే శామ్యూల్ గర్నీ. లండన్‌లో ఓవరెండ్ గర్నీ కంపెనీకి ఆయన పెద్ద. వర్తకుల హుండీలను గడువుకు ముందే తగ్గింపు ధరకు కొని, గడువునాటికి సొమ్ము రాబట్టుకోవటం వారి పని. 1825లో బ్యాంకులు కుప్పకూలుతున్నప్పుడు తోటి బ్యాంకులకే అప్పిచ్చి, బ్యాంకులకు బ్యాంకు అనిపించుకున్నారు. శామ్యూల్ 1856లో చనిపోయాడు. తర్వాతి తరం ఓడలకు, ఇనుప కర్మాగారాలకు, రైలు కంపెనీలకు సొమ్ము తరలించింది. మూడు నెలల్లో తిరిగి రావలసిన డబ్బు ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయింది. నష్టాలు పెరిగాయి. 1865లో దాన్ని పరిమిత కంపెనీగా మార్చి వాటాలు అమ్మారు. జనానికిచ్చిన ప్రకటనలో పాత నష్టాల ఊసే లేదు. గర్నీల పేరు చూసి జనం ఎగబడి కొన్నారు.

1866 మే 10వ తేదీ గురువారం మధ్యాహ్నం కంపెనీ చెల్లింపులు ఆపేసింది. బాకీలు సుమారు 1 కోటి 10 లక్షల పౌన్లు. మరునాడు లండన్ నగరమంతా గగ్గోలు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 10 శాతానికి చేరింది. 50 పౌన్ల వాటాకు 15 పౌన్లు మాత్రమే కట్టిన సామాన్యులను మిగతా బాకీ కూడా కట్టమన్నారు. డైరెక్టర్ల మీద మోసం కేసు పెట్టారు. 1869లో వారు నిర్దోషులుగా బయటపడ్డారు.

ఇందులో తప్పెక్కడ? కుటుంబంలో కొందరు అప్పటికే క్వేకర్ సంఘం వదిలి ఆంగ్లికన్ చర్చిలో చేరారు. పెద్దల పేరు మాత్రం బోర్డు మీద అట్లాగే ఉంది. చిల్లర దుకాణం పుస్తకాలు తోటి సభ్యులు చదవగలరు. లక్షల పౌన్లు చేతులు మారే కంపెనీ పుస్తకాలు చదవగలవారు ఎందరు? ఉన్నా, అంతటివారిని అడిగే సాహసం ఎవరికి? మా అభిప్రాయంలో భక్తి ఒక్కటే ఏనాడూ ఆ డబ్బును కాపాడలేదు. భక్తి పేరుతో జరిగిన తనిఖీ కాపాడింది. తనిఖీ పోయి పేరు మిగిలినప్పుడు, ఆ పేరే జనానికి ఉచ్చు అయింది.

అయితే ఆ సంప్రదాయం అక్కడితో అంతరించలేదు. 1832లో బ్రాడ్‌ఫర్డ్‌లో క్వేకర్లు స్థాపించిన ఫ్రెండ్స్ ప్రావిడెంట్ అనే బీమా సంస్థ, 1984లో స్టివర్డ్‌షిప్ అనే పెట్టుబడి నిధిని ప్రారంభించింది. ఆయుధాలు, పొగాకు, జూదం వంటి వ్యాపారాల్లో డబ్బు పెట్టరాదని అందులో నియమం. ఏ కంపెనీ తగును, ఏది తగదు అనేది చూడటానికి విడిగా ఒక సంఘాన్ని వేశారు. విశ్వాసాన్ని కాగితం మీద నియమంగా రాసి, దానిని పరీక్షించే మనుషులను కూడా నియమించారన్నమాట.

మన ఊళ్ళో చీటీ కట్టేటప్పుడు చీటీ నడిపేవాడి ఇల్లూ పొలమూ అందరికీ తెలుసు, పాట అందరి ఎదుటా జరిగేది. ఈ దేశంలో మనకు తెలిసేది మనిషి పేరూ, జిల్లా, వెళ్ళే గుడో చర్చో మాత్రమే. వాటిని చూసి చెక్కు రాస్తున్నాం. ఇక మీదట సంతకానికి ముందు సొమ్ము ఎవరి పేరున ఉంటుంది, లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారు, మనం వద్దనుకుంటే ఎన్నాళ్ళలో తిరిగి వస్తుంది అని అడగటం అలవాటు చేసుకోవాలి. ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం. మన సంఘం నిధి లెక్కలను కార్యవర్గంలో లేని ఇద్దరు సభ్యులు ఏటా చూడాలని ఉగాది సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించబోతున్నాం. దీన్ని కోశాధికారి గారు తప్పుగా అనుకోరని మా నమ్మకం.

ఆనాడు ఆ పెద్దమనిషిని లెక్కలు అడిగి ఉంటే ఆయనకు అవమానం చేసినవారమయ్యేవాళ్ళం కాదు. సమయానికి ఇద్దరం వెళ్ళి పుస్తకం ముందు కూర్చుని ఉంటే, బహుశా ఆయనకు కూడా మేలే జరిగేది.