ఎనిమిది కాళ్ల చిప్ – నలభై ఏళ్ల తగాదా

మన బడి సైన్సు ల్యాబులో మూగబోయిన రేడియో ఒకటి ఉండేది. మా 1994 బ్యాచ్‌లో చాలామందికి ఎలక్ట్రానిక్స్ మొదటి పాఠం అదే. "విప్పినవాడే బిగించాలి" అన్నది మాస్టారు పెట్టిన ఒకే ఒక్క నిబంధన. ఆ విద్యతోనే ఇంజినీరింగు చదివే రోజుల్లో సాయంత్రాలు సికింద్రాబాదులో ఒక రిపేరు షాపులో కూర్చునేవాణ్ని. అక్కడ సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ప్లేస్టేషన్లకు చిప్‌లు వేశాను. ఈమధ్య పాత విద్యార్థుల సమావేశంలో, గేమ్‌ల కంపెనీలో పనిచేస్తున్న మన బ్యాచ్ మిత్రుడొకడు "ఒరేయ్, మా పొట్ట కొట్టింది నువ్వేరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. అసలు ఆ చిప్ కథేమిటో మొదటినుంచీ చెప్పాలనిపించింది.

కథ ప్లేస్టేషన్‌తో మొదలుకాలేదు. 1983లో నింటెండో జపానులో విడుదల చేసిన ఫామికామ్‌కు తాళం లేదు. ఎవరైనా దానికి సరిపోయే క్యాసెట్ చేసి అమ్ముకోవచ్చు. మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన పసుపుపచ్చ క్యాసెట్ల వీడియో గేమ్ ఆ యంత్రానికి నకలే. అదే ఏడాది అమెరికాలో నాసిరకం ఆటలు దుకాణాలను ముంచెత్తి, ఆ వ్యాపారమే కుప్పకూలింది. అందుకే 1985లో అమెరికాకు వెళ్లినప్పుడు నింటెండో యంత్రంలో ఒక చిప్, ప్రతి క్యాసెట్‌లో దాని జోడీ చిప్ పెట్టింది. రెండూ ఒకే లయలో మాట్లాడుకోవాలి. లయ తప్పితే యంత్రం సెకనుకోసారి రీసెట్ అవుతూ ఉంటుంది. ఇంత పకడ్బందీ తాళానికి విరుగుడు ఏమిటంటే, యంత్రంలోని చిప్‌కు నాలుగో కాలు కత్తిరించడం! అటారీ గేమ్స్ సంస్థ మరో దారి పట్టింది. అమెరికా కాపీరైట్ కార్యాలయంలో ఉన్న ఆ ప్రోగ్రాము ప్రతిని అబద్ధం చెప్పి తెచ్చుకుని, సొంత చిప్ చేసుకుంది. 1992లో అప్పీలు కోర్టు నింటెండో వైపే మొగ్గింది.

ఇక్కడొకటి గమనించాలి. ఆ తాళం నకళ్లను ఆపడానికి మాత్రమే కాదు, తన అనుమతి లేకుండా ఇంకెవరూ ఆట తయారుచేయకుండా ఆపడానికి కూడా. ఒకే తాళానికి రెండు పనులు అప్పజెప్పే అలవాటు అక్కడే మొదలైంది.

సోనీ ప్లేస్టేషన్ 1994 డిసెంబరులో జపానులో, మరుసటి ఏడాది అమెరికా, ఐరోపాల్లో వచ్చింది. దాని ఆటలు సీడీల మీద వచ్చేవి. సీడీ రైటర్లు చవకవుతున్న కాలమది. సోనీ ఇంజినీర్ల తెలివిని మెచ్చుకోవలసిందే. లేజరు మొదట చదివే చోట సీడీ గాడిని కావాలనే సన్నగా వంకర్లు తిప్పి ముద్రించారు. ఆ వంకర్లలో నాలుగక్షరాలు దాగుంటాయి: జపాను డిస్కులో ఎస్‌సీఈఐ, అమెరికా డిస్కులో ఎస్‌సీఈఏ, ఐరోపా డిస్కులో ఎస్‌సీఈఈ. రైటరుతో కాపీ చేస్తే ఆటంతా దిగుతుంది గానీ ఆ వంకర దిగదు. ఖాళీ సీడీ ఫ్యాక్టరీనుంచి వచ్చేటప్పుడే తన గాడి తాను తెచ్చుకుంటుంది మరి.

మేం వేసిన చిప్ ఏం చేసేదో వింటే ఇంతేనా అనిపిస్తుంది. అది డిస్కును చదవదు, ఆట జోలికి పోదు, దేన్నీ కాపీ చేయదు. ఎనిమిది కాళ్ల చిన్న మైక్రోకంట్రోలరు. బోర్డుకు నాలుగైదు తీగలు అతికిస్తే, ఆ నాలుగక్షరాలనూ యంత్రం చెవిలో పదేపదే చెబుతుంది. అంతే. తర్వాత కొన్ని ఆటలు "రాకూడని సమయంలో కూడా ఈ అక్షరాలు ఎందుకొస్తున్నాయి?" అని కనిపెట్టి ఆగిపోయేవి. దాంతో, చెప్పవలసింది చెప్పి నోరు మూసుకునే చిప్‌లు వచ్చాయి. దొంగాపోలీసాట అనుకోండి.

నేను చిప్ వేసిన మొదటి పెట్టె మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికానుంచి తెచ్చినది. 110 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మరు కొనాల్సి వచ్చింది. దుబాయినుంచి బంధువులు డబ్బుపెట్టి కొని తెచ్చిన అసలైన డిస్కు అందులో ఆడలేదు. అక్షరం తేడా! చిప్ వేశాక ఆడింది. అందులో తప్పేముందని ఇప్పటికీ అనుకుంటాను. కానీ నిజం దాచకూడదు. షాపుకు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కావలసింది కాపీ డిస్కులే. ఆ సంగతి మా షాపతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇదే చిక్కుముడి ఆస్ట్రేలియాలో కోర్టుకెక్కింది. సిడ్నీలో స్టీవెన్స్ అనే ఆయన చిప్‌లు వేసేవాడు, కాపీ ఆటలూ అమ్మేవాడు. సోనీ దావా వేసింది. 2002లో మొదటి జడ్జి చిప్ విషయంలో స్టీవెన్స్ పక్షాన చెప్పాడు, 2003లో అప్పీలులో సోనీ గెలిచింది, 2005 అక్టోబరు 6న అక్కడి హైకోర్టు ఏకగ్రీవంగా మళ్లీ స్టీవెన్స్ పక్షాన తీర్పిచ్చింది. ఆస్ట్రేలియాలో హైకోర్టంటే మన సుప్రీంకోర్టులాంటిది. వాళ్ల తర్కం సూటిగా ఉంది: చట్టం కాపాడేది కాపీరైటు ఉల్లంఘనను అడ్డుకునే పరికరాన్ని. ఈ తాళం కాపీ చేయడాన్ని ఆపడంలేదు, అయిపోయిన కాపీని ఆడటాన్ని ఆపుతోంది. ఆడటం ఉల్లంఘన కాదు. ఆడేటప్పుడు యంత్రం మెమరీలోకి ఆట ముక్క చేరుతుంది కదా అని సోనీ వాదించింది గానీ నిలవలేదు. బ్రిటన్ కోర్టు మాత్రం 2004లోనే సోనీ వైపు నిలబడింది.

తీర్పు ఎక్కువకాలం నిలవలేదు. అమెరికాతో వాణిజ్య ఒప్పందం కారణంగా ఆస్ట్రేలియా 2006లో చట్టం మార్చింది. అయితే విదేశంలో కొన్న అసలు డిస్కును తమ దేశంలో ఆడనివ్వని తాళానికి మాత్రం ఆ రక్షణ ఇవ్వలేదు. తాళం చేసే రెండు పనులనూ అక్కడ విడదీశారు. మా పెదనాన్నగారి అబ్బాయి కేసు అదే కదా!

మన దేశంలో కాపీరైటు చట్టానికి 65ఎ సెక్షన్ చేరింది 2012లో. ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తప్పిస్తే రెండేళ్లదాకా జైలు, జరిమానా. చిప్ వేస్తే చిప్పకూడేనన్న మాట మా రోజుల్లో లేదు. అమెరికాలో 2022లో, నింటెండో స్విచ్ తాళం తప్పించే పరికరాలు అమ్మిన ముఠాలోని గ్యారీ బౌసర్‌కు నలభై నెలల శిక్ష పడింది.

ఉద్దేశం అన్న ఆ ఒక్క మాట దగ్గరే నేనూ, నా మిత్రుడూ గంటసేపు వాదించుకున్నాం. షాపుకు వచ్చిన మనిషి ఉద్దేశం నాకెలా తెలుస్తుందన్నాను. "పక్కనే కాపీ డిస్కుల డబ్బా పెట్టుకుని కూర్చుని, తెలియదంటావేంట్రా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ అమెరికా పెట్టె ఇప్పటికీ మా అటక మీద ఉంది, చిప్‌తో సహా. స్వర్ణోత్సవంనాడు పిల్లలకు విప్పి చూపిద్దామని తెస్తున్నాను, ట్రాన్స్‌ఫార్మరు కూడా. డిస్కు మాత్రం తనే తెస్తానన్నాడు మావాడు, అసలుది.