తెల్లమొగం గొర్రెలు – చెదరిపోయిన మంద



గొర్రె అనగానే మనకు ఒక్కటే రూపం కళ్ల ముందు నిలుస్తుంది. కాని గొర్రెలు కాసే వానిని అడిగి చూడండి, జాతి జాతికీ తేడా చెబుతాడు. మన నెల్లూరు గొర్రె పొడవు కాళ్లది; దాని ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. తెలంగాణ నల్లగొర్రె ఉన్నితో గొంగడి నేస్తారు. నేలను బట్టి, మేతను బట్టి గొర్రె. ఒక జాతికి ఏమి కావాలో తెలిస్తే, అది వెళ్లిన చోట ఏమి జరిగిందో కూడా అర్థమవుతుంది. ఈ పూట స్కాట్లాండు దేశంలో జరిగిన అటువంటి ఒక సంగతిని మీ ముందుంచుతున్నాను. అది గొర్రెల చరిత్ర. అందులోనే సంఘ కాపరుల చరిత్ర కూడా ఉన్నది.

స్కాట్లాండు ఉత్తర భాగాన్ని హైలాండ్స్ అంటారు. అంతా కొండలు, మధ్య మధ్య లోయలు. ఆ లోయలలో గేలిక్ భాష మాట్లాడే ప్రజలు తరతరాలుగా కాపురముండేవారు. ఓట్స్, బార్లీ పండించుకొని, చిన్న నల్ల పశువులను పెంచి అమ్ముకొని బ్రతికేవారు. గొర్రెలు వారికీ ఉండేవి గాని కొద్దిగానే. అవి చిన్న ప్రాణులు, మెత్తని ఉన్ని గలవి. రాత్రివేళ వాటిని లోపల కట్టివేసేవారు, పాలు కూడా పితుక్కొనేవారు. ఆ పాత జాతి నేడు దాదాపు కనుమరుగైపోయింది.

18వ శతాబ్దం రెండవ సగంలో దక్షిణం నుండి బ్లాక్‌ఫేస్ అనే జాతి వచ్చింది. నల్లని మొగం, ఆడవాటికి కూడా కొమ్ములు, పొడవైన ముతక ఉన్ని. మంచులోనైనా, వానలోనైనా కొండ మీది తుప్పలు తిని బ్రతకగల గట్టి ప్రాణి. దాని వెనుక చీవియట్ వచ్చింది. ఇంగ్లాండుకు స్కాట్లాండుకు సరిహద్దుగా ఉన్న చీవియట్ కొండలే దాని పుట్టినిల్లు. తెల్లని మొగం, నిటారు చెవులు, నల్లని ముక్కు. మొగం మీద, కాళ్ల మీద ఉన్ని ఉండదు. ఒంటి మీది ఉన్ని మాత్రం దట్టంగా, బ్లాక్‌ఫేస్ ఉన్ని కంటె సన్నగా ఉంటుంది గనుక మంచి ధర పలికేది. వేసవిలో అది కొండనెక్కి మేయగలదు. కాని శీతకాలంలో దానికి లోయలోని మంచి గడ్డి కావాలి.

శ్రోతలారా, ఈ చిన్న సంగతిని గుర్తు పెట్టుకోండి. ఆ గొర్రెకు శీతకాలంలో లోయ కావాలి. ఆ లోయలోనే మనుషులున్నారు.

1790ల ఆరంభంలో సర్ జాన్ సింక్లెయిర్ అనే జమీందారు ఉత్తర కొననున్న కెయిత్‌నెస్‌లో తన భూమికి చీవియట్ గొర్రెలను తెప్పించాడు. అవి అక్కడ చక్కగా వృద్ధి చెందాయి. అయితే ప్రజలను ఒక్కసారిగా తొలగించవద్దని, చిన్న రైతులే కలిసి మందలు పెట్టుకోవచ్చని ఆయన అభిప్రాయం. గొర్రెను అందరూ తీసుకున్నారు, ఆ సలహాను మాత్రం వదిలివేశారు. 1792లో రాస్ ప్రాంతపు ప్రజలు వేలాది గొర్రెలను తమ కొండల నుండి బయటికి తోలివేయబూనారు. సైనికులు వచ్చి వారిని ఆపారు. గేలిక్ ప్రజలు నేటికీ ఆ సంవత్సరాన్ని గొర్రెల సంవత్సరమని పిలుస్తారు.

పక్కనున్న సదర్లాండ్ ప్రాంతంలో ఎక్కువ భాగం అప్పట్లో ఒకే ప్రభు కుటుంబానిది. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఉన్ని ధర పెరిగింది. ఒక పెద్ద గొర్రెల వ్యాపారి ఇచ్చే కౌలు, వందలాది చిన్న రైతులు ఇచ్చే కౌలు కంటె ఎక్కువగా లెక్క తేలింది. 1807 నుండి 1821 వరకు వేలాది ప్రజలను లోయల నుండి ఖాళీ చేయించి సముద్రపు ఒడ్డున ఇరుకు నేలకు పంపించారు. తిరిగి రాకుండా ఇళ్ల దూలాలకు నిప్పు పెట్టారు. కొందరు 1813లో ఓడనెక్కి కెనడాకు తరలిపోయారు. స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లో ఆ పని జరిపించిన అధికారి పాట్రిక్ సెల్లర్, ఆ లోయలో గొర్రెల కోసం కౌలు తీసుకున్నవాడు కూడా అతడే. 1816లో ఇన్వర్నెస్‌లో అతనిపై విచారణ జరిగింది. నిర్దోషి అని విడిచిపెట్టారు.

మరి ఆ రోజులలో సంఘ కాపరులు ఏమి చేశారు?

1712 నాటి చట్టం ప్రకారం చాలా సంఘాలలో కాపరిని నియమించే హక్కు జమీందారునిదే. కాపరి జీతం, ఇల్లు, సాగు భూమి, అన్నీ ఆ చేతిలోనే ఉండేవి. అందుచేత చాలామంది నోరు మెదపలేదు. కొందరు అధికారుల ఆజ్ఞలను గేలిక్ భాషలో ప్రజలకు వివరించి చెప్పారు. ఇది మీ పాపాలకు దేవుడు పంపిన శిక్ష అని బోధించినవారు కూడా ఉన్నారు.

అందరూ అలా లేరు. డోనాల్డ్ సేజ్ అనే యువ సేవకుడు 1819లో స్ట్రాత్‌నేవర్ ప్రజలకు చివరి ప్రసంగం చేశాడు. బోధించేవాడూ వినేవారూ కలిసి ఏడ్చారని తన జ్ఞాపకాలలో వ్రాసుకున్నాడు. తరువాత 1843లో, కాపరిని జమీందారు నియమించే పద్ధతిని ఒప్పుకోలేక 450 మందికి పైగా సేవకులు జీతాలు, ఇళ్లు వదలి బయటికి వచ్చారు. హైలాండ్స్ ప్రజలలో అత్యధికులు వారి వెంట నడిచారు. కొందరు జమీందారులు మందిరానికి స్థలమివ్వకపోతే ఆరుబయట ఆరాధించారు.

1845 మే నెలలో గ్లెన్‌కాల్వీ లోయలోని 18 కుటుంబాలను వెళ్లగొట్టారు. అలా బయటికి వచ్చిన సేవకులలో ఒకడైన గస్టావస్ ఎయిర్డ్ వారి పక్షాన నిలిచాడు. వారు క్రోయిక్ మందిరపు సమాధుల తోటలో గుడారాలు వేసుకొని తల దాచుకున్నారు. లోపలికి వెళ్లలేదు. కిటికీ అద్దాల మీద బయటి నుండి గీతలు గీసి తమ మాటలు వ్రాశారు. అందులో ఒకచోట తమను తామే దుష్టతరమని వ్రాసుకున్నారు. ఆ అద్దాలు ఇంకా ఉన్నాయి. ఎవరి బోధ వారి హృదయంలో అంత లోతుగా దిగిందో ఆలోచించండి.

ఇంతా చేసి గొర్రెలు నిలిచాయా? 19వ శతాబ్దం చివరికి ఆస్ట్రేలియా ఉన్ని ఓడలలో దిగింది, ధర పడిపోయింది. అనేక కొండలను గొర్రెల నుండి తీసి, ధనవంతుల వేట కోసం జింకలకు వదిలారు. 1886లో చట్టం వచ్చి మిగిలిన చిన్న రైతులకు తమ నేల మీద హక్కు కల్పించింది. కాని లోయలు మాత్రం తిరిగి నిండలేదు.

గొర్రెది తప్పు కాదు, ప్రియులారా. దానికి కావలసింది గడ్డి మాత్రమే. నాతాను దావీదుకు చెప్పిన ఉపమానంలో ధనవంతుడు పేదవాని ఒక్క గొర్రెపిల్లను పట్టుకుపోయాడు. ఇక్కడ గొర్రెపిల్ల కోసం పేదవానినే తీసివేశారు. లెక్కల పుస్తకంలో ఉన్ని ఉన్నది, మనిషి లేడు. ఆ లెక్కను తప్పు అని చెప్పవలసినవారు కాపరులు. యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయం తీసి, ఈ చరిత్రను పక్కన పెట్టుకొని మెల్లగా చదవండి.

మీ సంఘంలో ఇల్లో పొలమో ఖాళీ చేయమని కాగితం అందుకున్న కుటుంబం ఉంటే, అది ఏ పాపానికి శిక్షో చెప్పడానికి వెళ్లకండి. ఆ కాగితం వారితో కలిసి చదవండి. అధికారి దగ్గరికి వారితో కూడ నడవండి. కాపరి అనే పేరుకు అర్థం అక్కడే తెలుస్తుంది.