చైనా సింహాసనాలకు కడప కొండల చేవ

ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల రాతి నేలల్లో, వానలు అంతంతమాత్రంగా పడే చోట ఈ చెట్టు నిదానంగా చేవ కడుతుంది. అటవీశాఖ ప్రొద్దుటూరు డివిజన్‌కు ఇదే విలువైన కలప. పులివెందుల దగ్గర గండిలో పాపాఘ్ని నది చీల్చుకొని వచ్చే కొండలూ శేషాచలం వరుసలోనివే. జమ్మలమడుగు నల్లరేగడి మాత్రం పత్తికీ శనగకూ అనువైన నేల. అక్కడ ఈ చెట్టుకు చోటు లేదు.

పుట్టినచోట ఎర్రచందనాన్ని ఇళ్ల గుంజలకు, బొమ్మలకు వాడుకున్నారు. కోడూరు దగ్గరి శెట్టిగుంట బొమ్మలు దీనితోనే ఇప్పటికీ చెక్కుతారు. ఐరోపావారు బట్టలకు రంగు అద్దడానికి కొనుక్కుపోయారు. కుర్చీగా దీనికి గౌరవం దక్కింది చైనాలో. అక్కడ దీని పేరు ‘జితాన్’. 18వ శతాబ్దంలో చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలానికి రాజప్రాసాదంలో సింహాసనాలకు ఈ కలపే ముందువరసలో నిలిచింది. పాత సామానంతా ఈ ఒక్క చెట్టుదేనా అన్న చర్చ పండితుల్లో ఉన్నా, 2000లో వచ్చిన చైనా జాతీయ ప్రమాణం జితాన్ అంటే ఎర్రచందనమేనని తేల్చింది. దానితో పాత కుర్చీకి నకలు చేసేవారికి వేరే కలప వాడి జితాన్ అనిపించుకునే దారి మూసుకుపోయింది.

నకలు చేయడంలో అసలు చిక్కు కలప దగ్గరే మొదలవుతుంది. ఎర్రచందనం దుంగ చాలాసార్లు నడుమ డొల్లగా ఉంటుంది. పది దుంగల్లో తొమ్మిది డొల్లవేనని చైనా వడ్రంగుల మాట. వెడల్పు పలకలు అరుదు. అందుకే కుర్చీ వీపునూ చేతులనూ కలుపుతూ గుండ్రంగా తిరిగే పట్టీని ఒకే చెక్కతో చేయరు; మూడు లేదా అయిదు ముక్కలు అతుకుతారు. రెండు ముక్కల కొనలను సగం మందానికి తగ్గించి, ఒకదానిమీద ఒకటి కొక్కెంలా పట్టేట్టు చెక్కుతారు. నడుమ తొలిచిన బెజ్జంలో కొన సన్నబడిన చెక్క చీల దిగగొడితే, అది లోపలికి పోయేకొద్దీ అతుకు బిగుస్తుంది. ఇనుప మేకు కనపడదు. మిగతా చట్రానికీ బెజ్జాలే ఆధారం. కలప గట్టిది, బరువైనది. ముక్కను నీళ్లలో వేస్తే మునుగుతుంది. చిత్రిక పట్టాక రుద్ది మైనం పూస్తే ఎరుపు నల్లబడుతూ నిగ్గు తేలుతుంది. మెత్తదనం మనవైపు సోఫాలో మాదిరి చట్రానికి బిగించి ఉండదు. కూర్చునే చోట అల్లిన పేము చాప గాని చెక్క పలక గాని వేసి, దానిమీద పట్టుగుడ్డ తొడిగిన పరుపు పరుస్తారు. పరుపు చిరిగితే మారుతుంది, చట్రం తరాలు నిలుస్తుంది.

బీజింగ్‌లో పారిశ్రామికవేత్త చెన్ లిహువా స్థాపించిన ఎర్రచందన మ్యూజియం 1999లో తెరుచుకుంది. రాజప్రాసాద సామానుకు, భవనాలకు నకళ్లు చేయించడం ఆమె పట్టుదల. సంపన్నుల ఇళ్లకూ ఈ మోజు పాకడంతో గిరాకీ పెరిగి, కడప, చిత్తూరు కొండల్లో దొంగ నరుకుడు సాగింది. అంతకు ముందే, 1995లో, అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం ఈ చెట్టును రెండో అనుబంధంలో చేర్చింది. అడవిలో నరికిన దుంగ ఎగుమతిని భారత ప్రభుత్వం అనుమతించదు. అందువల్ల చట్టబద్ధంగా చేతికొచ్చేది పట్టుబడిన దుంగల వేలంలోనిదీ, సొంత భూముల్లో పెంచినదీ. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్‌లో అలాంటి పెద్ద వేలం జరిపింది. తోటల కలప ఎగుమతికి 2019లో కేంద్రం దారి తెరిచింది. తోటలో తొందరగా ఎదిగిన చెట్టుకు చేవ తక్కువ. పాత సింహాసనం నలుపుకు దగ్గరగా తేవడానికి వడ్రంగులు ఇప్పటికీ రాతినేలల్లో ముదిరిన దుంగనే అడుగుతారు.