బూడిద సంవత్సరం: హజ్రత్ ఉమర్ (రజి) నాటి కరువు - మన ఇళ్లకొక పాఠం

ధరలు మండిపోతున్నాయి, జీతం పదో తారీఖుకే అయిపోతోంది అనే మాట వినపడని ఇల్లు మన మధ్య అరుదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు రోజు కూలీ మీద, ఆటో మీద, కుట్టు పని మీద బతికే మన కుటుంబాలు ఎంత అవస్థపడ్డాయో అందరికీ తెలిసిందే. అటువంటి రోజుల్లో పెద్దలు చెప్పే మాట ఒకటుంది: దుప్పటి ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలి అని. మాట మంచిదే. కానీ ఒకే దుప్పటి కింద ఆరుగురు పడుకున్నప్పుడు ముందుగా ఎవరు కాళ్లు ముడుచుకోవాలి? సామెతలో దీనికి జవాబు లేదు. చరిత్రలో ఉంది. ఆ చరిత్రనే ఈ నాలుగు మాటల్లో సొసైటీ సభ్యుల ముందు పెడుతున్నాం.

హిజ్రీ 18వ సంవత్సరం, అనగా క్రీ.శ. 639. హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) ఖలీఫా అయి సుమారు ఐదేళ్లయింది. ఇరాక్, షామ్ ప్రాంతాలు ఇస్లామీ రాజ్యంలో చేరాయి. ఖజానాకు రాబడి బాగానే ఉంది. అటువంటి సమయంలో హిజాజ్‌లో వానలు లేకుండా పోయాయి. దాదాపు తొమ్మిది నెలలు కరువు సాగింది. పచ్చిక మాడిపోయింది, పశువులు చచ్చిపోయాయి. నేల ఎండి, గాలి వీస్తే బూడిద లాంటి దుమ్ము లేచేది. అరబ్బీలో బూడిదను 'రమాద్' అంటారు. అందుకే చరిత్రకారులు ఆ ఏటికి 'ఆముర్రమాదా', అంటే బూడిద సంవత్సరం, అని పేరు పెట్టారు. అదే ఏడు షామ్‌లో అమ్వాస్ ప్లేగు కూడా వచ్చింది. కష్టం ఒంటరిగా రాదు గదా!

ఎడారిలో ఉండే తెగలవారు పిల్లాజెల్లాతో మదీనాకు నడిచి వచ్చారు. ఊరి చుట్టూ గుడారాలు వెలిశాయి. అప్పుడు ఖలీఫా ఏం చేశారు?

మొదటి కోత తన పళ్లెంలోనే

జనానికి నెయ్యి, మాంసం మామూలుగా దొరికేదాకా తాము వాటిని ముట్టబోమని హజ్రత్ ఉమర్ (రజి) ఒట్టు పెట్టుకున్నారు. రొట్టె, జైతూన్ నూనె, అంతే. ఆ నూనె పడక కడుపులో గడబిడగా ఉండేది. ఆయన పొట్ట మీద చేత్తో కొట్టుకుని, ఎంత అరిచినా సరే, జనం తినేదాకా నీకు నెయ్యి లేదు అన్నారట. తెల్లని మనిషి ఆ ఏడాది నల్లబడిపోయారని చూసినవారు చెప్పారు.

ఒకనాడు జనం కోసం ఒంటెలను కోయించారు. వండినవారు మూపురం, కార్జం వంటి మంచి ముక్కలు తీసి ఖలీఫా ముందు పెట్టారు. మంచి ముక్కలు నేను తిని, ఎముకలు జనానికి పెడితే నేనెంత చెడ్డ పాలకుణ్ణి అనే అర్థం వచ్చేలా మాట్లాడి, ఆ పళ్లెం తీయించి రొట్టె, నూనె తెప్పించుకున్నారు. మరోసారి బజారులో నెయ్యి, పాలు కనపడితే ఆయన సేవకుడు నలభై దిర్హములిచ్చి కొనుక్కొచ్చాడు. అంత ధర పెట్టి కొంటావా అని మందలించి, వాటిని దానం చేయమన్నారు. జనానికి తగిలే బాధ తనకూ తగలకపోతే వారి సంగతి తనకెలా తెలుస్తుందన్నది ఆయన మాటల సారం.

ఇంటివారికీ ఇదే లెక్క. తమ పిల్లవాడి చేతిలో పుచ్చకాయ ముక్క చూసి, జనం ఎండిపోతుంటే నువ్వు పండు తింటున్నావా అని గద్దించారు. పిల్లవాడు ఏడుస్తూ పరుగెత్తాడు. విచారించగా, గుప్పెడు ఖర్జూరపు గింజలిచ్చి ఆ ముక్క కొన్నాడని తెలిసింది. అప్పుడు గాని ఆయన మనసు శాంతించలేదని ఇబ్నె సాద్ తమ 'తబఖాత్'లో రాశారు.

లెక్కపెట్టి అన్నం పెట్టడం

పస్తులుండటం ఒక్కటే అయితే అది వైరాగ్యం మాత్రమే. హజ్రత్ ఉమర్ (రజి) పాలకులు. ఆకలిగొన్నవారిని చూసుకోవడానికి మదీనా నలువైపులా మనుషులను నియమించారు. తెల్లవారకముందే పెద్ద పెద్ద దేగ్‌లు పొయ్యి మీదికి ఎక్కేవి. ఒక రాత్రి, మన దగ్గర తింటున్నవారిని లెక్కపెట్టండి అన్నారు. ఏడు వేల మంది తేలారు. మరి రాలేనివారు? ముసలివారు, రోగులు, పసిపిల్లలు? వారినీ లెక్కపెట్టించారు. నలభై వేలు! కొన్ని రోజులకు ఆ లెక్క పది వేలు, యాభై వేలు అయింది. ఇవి ఇబ్నె సాద్ ఇచ్చిన అంకెలు. వచ్చి అడిగినవారి కంటే ఇంట్లో ఉండిపోయినవారు ఎన్నో రెట్లు ఎక్కువన్న సంగతి పాఠకులు గమనించగలరు. సహాయం చేసే ప్రతి సంఘం గోడ మీద రాసి పెట్టుకోదగిన సంగతి ఇది.

షామ్‌కు, ఇరాక్‌కు జాబులు వెళ్లాయి. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాలుగు వేల ఒంటెల మీద ఆహారం తెచ్చారని తబరీ చరిత్ర చెబుతోంది. అప్పటికీ చాలకపోతే ఏమి చేయాలో కూడా ఖలీఫా ఆలోచించుకుని ఉన్నారు. ఒక్కో ఇంట్లో ఎంతమంది ఉన్నారో అంతమంది ఆకలిగొన్నవారిని ఆ ఇంటికి అప్పగిస్తారట. ఒకరి తిండి ఇద్దరు పంచుకుంటే ఎవరూ చావరన్నది ఆయన లెక్క.

ఆ ఏడు జకాత్ వసూలు వాయిదా వేశారు. వానలు పడ్డాక మరుసటి ఏడు రెండేళ్లదీ కలిపి తీసుకుని, అందులో సగం అక్కడి బీదలకే పంచమన్నారు. ఆకలితో చేసిన దొంగతనానికి చేయి నరికే శిక్షను ఆ కాలంలో అమలు చేయలేదు. చివరికి దైవప్రవక్త (సల్లం) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)ను ముందుంచుకుని వాన కోసం దుఆ చేశారు. అల్లాహ్ దయ వల్ల వాన కురిసింది. వచ్చినవారిని తిండి సామానుతో, సవారీలతో తిరిగి వారి ఊళ్లకు సాగనంపారు.

అంతటితో ఊరుకోలేదు. తరువాత ఈజిప్టు చేతికి వచ్చాక, అక్కడి గవర్నరు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) చేత నైలు నది నుంచి ఎర్ర సముద్రం దాకా పూడిపోయిన పాత కాలువను తిరిగి తవ్వించారు. ఈజిప్టు ధాన్యం ఓడల మీద మదీనా రేవైన జార్‌కు వచ్చేది. ఒక కరువు నుంచి నేర్చుకుని రాబోయే కరువుకు అడ్డుకట్ట వేయడమంటే ఇదే.

మన సంగతి

మన గడ్డ మీద కూడా బూడిద సంవత్సరాలు వచ్చాయి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు, వీటి తరువాత హైదరాబాదు రాజ్యంలో జాగీర్ల మీద, ఫౌజు కొలువుల మీద, సర్కారీ నౌకరీల మీద ఆధారపడిన ఎన్నో కుటుంబాల ఆదాయం ఒక్కసారిగా పోయింది. బయటి దర్జా తగ్గకూడదని నగలు, ఇళ్లు అమ్ముకుంటూ పోయిన కుటుంబాలు కొన్ని. దర్జా విడిచిపెట్టి, ఖట్టీ దాల్, చావల్‌తో సరిపెట్టుకుని, కుట్టు మిషన్ ముందు కూర్చుని పిల్లలను చదివించిన తల్లులున్న కుటుంబాలు మరికొన్ని. రెండో తరగతి ఇళ్లే నిలదొక్కుకున్నాయి.

మరి ఈనాడు? బడిలో పనిచేసే మాకు ఒక సంగతి కనపడుతూ ఉంటుంది. ఇంట్లో ఇబ్బంది వచ్చిన నెలలో ముందుగా ఆగేది పిల్లల ఫీజు, అందులోనూ ఆడపిల్లది. ఆ తరువాత ఆగేది పాల ప్యాకెట్టు. అందరూ తిన్నాక మిగిలింది తినే తల్లి పళ్లెంలో కూర ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. నాన్నగారి హోటల్ చాయ్, సిగరెట్టు, పాన్ మాత్రం ఆగవు. పెళ్లి దావత్‌లో రెండు రకాల బిర్యానీ, ఒక మీఠా తగ్గితే పరువు పోతుందట! దానికి వడ్డీ అప్పు కూడా దొరుకుతుంది. ఇది కిఫాయత్ కాదు. బలహీనుల పళ్లెంలోంచి తీసి బలవంతుల పళ్లెం నింపడం ఇది. దుబారా వద్దు, పిసినారితనమూ వద్దు, రెంటికీ మధ్య నడవమని ఖురాన్ బోధించింది. ఆ మధ్యదారిలో మొదటి అడుగు ఇంటి పెద్ద వేయాలి.

గనుక మా మనవి ఇది. ఖర్చు తగ్గించుకోవలసిన నెలలో ఇంటి యజమాని ముందు తన ఖర్చులు కాగితం మీద రాసి, అందులోంచి కొట్టివేయడం మొదలుపెట్టాలి. చదువు, పసిపిల్లల పాలు, ముసలివారి మందులు, ఈ మూడింటి జోలికి చివరిదాకా పోరాదు. మన ఆడవారు పూర్వం అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. ఆ ముట్ఠీ చావల్‌తో ఎన్నో మదరసాల పిల్లలు తిన్నారు. ఆ కుండ మళ్లీ వంటింట్లోకి రావాలి.

సొసైటీ సభ్యులకు కూడా ఒక మాట. ఆఫీసుకు వచ్చి అర్జీ ఇచ్చినవారికి సహాయం చేస్తే సగం పని కూడా కాదు. మొహమాటపడి రానివారి జాబితా మహల్లా వారీగా తయారు కావాలి. కర్జె హసనా తీసుకున్నవారు కష్టంలో ఉంటే వాయిదాలు వెనక్కి జరపాలి. కలిగిన ఇళ్లవారు పెళ్లి దావత్‌లో ఒక్క వంటకం తగ్గించి, ఆ డబ్బు ఫీజుల ఫండులో వేస్తే చాలు, తరువాత మిగతావారు తగ్గించుకోవడానికి సిగ్గుపడరు.

ఆ కరువు తీరకపోయి ఉంటే హజ్రత్ ఉమర్ (రజి) జనం బెంగతోనే చనిపోయేవారని అనుకునేవాళ్లమని ఆయన సేవకుడు అస్లమ్ చెప్పారు. అంత బెంగ మనకు లేకపోయినా, పక్కింటి పొయ్యి వెలిగిందో లేదో చూసే కన్ను ఉంటే చాలు. అటువంటి కన్నును, ముందుగా తన పళ్లెం తగ్గించుకునే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.