హర్రానియా మడుల్లో పండిన రంగులు

ఈజిప్టు నేత చరిత్రలో ఉన్నికి గౌరవం ఆలస్యంగా దక్కింది. ఫరోల కాలంలో రాజుకైనా రైతుకైనా బట్ట అంటే ప్రధానంగా అవిసె నారతో నేసినదే. మమ్మీలకు చుట్టిందీ అదే. ఉన్ని వస్త్రంతో గుడిలోకి వెళ్లకూడదన్న ఆచారం అక్కడ ఉండేదని క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అయితే అవిసె నారకు రంగు ఒక పట్టాన పట్టదు. ఉన్ని అలా కాదు, పటిక నీళ్లలో ఉడికిస్తే చాలు, ఆకు రసాన్నీ వేరు రసాన్నీ ఇట్టే పీల్చుకుంటుంది. రోమన్ల ఏలుబడిలోనూ, క్రైస్తవం వ్యాపించిన తర్వాతా కాప్టిక్ (స్థానిక ఈజిప్షియన్) నేతగాళ్లు ఈ గుణాన్ని బాగా వాడుకున్నారు. నార బట్ట నడుమ రంగు ఉన్నితో పక్షుల్ని, చేపల్ని, నాట్యగత్తెల్ని నేశారు. మన మంజిష్ఠకు దగ్గరి బంధువైన మాడర్ వేరు నుంచి ఎరుపు వచ్చేది. సముద్రపు నత్తల నుంచి తీసే ఊదా రంగు సంపన్నులకే అందేది కాబట్టి, ఎరుపూ నీలమూ ఒకదానిపై ఒకటి అద్ది అలాంటి ఛాయనే రప్పించారు. 19వ శతాబ్దం చివర అఖ్మీమ్, ఆంటినోయె సమాధుల్లో బయటపడ్డ ముక్కల్లో ఆ రంగులు ఇంకా నిలిచే ఉన్నాయి.

ఆ ముక్కలు యూరప్ మ్యూజియంలకు చేరే నాటికే మొక్కల రంగులకు కాలం చెల్లుతూ వచ్చింది. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు బొగ్గు తారు నుంచి ఊదా రంగు తీశాడు. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే రసాయనవేత్తలు మాడర్ వేరులో ఎరుపునిచ్చే అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. 1897 నాటికి కృత్రిమ నీలిమందు బజారుకొచ్చింది. ఫ్రాన్సులో మాడర్ పొలాలు పడావు పడ్డాయి. మన కృష్ణా తీరంలో మచిలీపట్నం అద్దకానికి ఎరుపునిచ్చిన చిరువేరులో ఉన్నదీ అలిజరినే కనుక దాని గతీ అదే అయింది.

ఈ నేపథ్యంలో చూస్తేనే హర్రానియా విలువ తెలుస్తుంది. కైరో అవతల, గీజా పిరమిడ్లకు దగ్గర్లో ఉన్న రైతుల పల్లె అది. 1950ల మొదట్లో రమ్సెస్ విస్సా వాసెఫ్ అనే వాస్తుశిల్పి అక్కడ కొంత నేల కొన్నాడు. 1911లో పుట్టి పారిస్‌లో చదువుకున్నవాడు. పిల్లలందరిలోనూ కళ పుట్టుకతోనే ఉంటుందని, పెద్దలు దాన్ని నలిపేయకుండా ఉంటే చాలని ఆయన గట్టి నమ్మకం. ఆయనకు పిల్లనిచ్చిన మామ హబీబ్ గోర్గి అంతకుముందే పల్లె పిల్లల చేతికి మట్టి ఇచ్చి, ఏమీ నేర్పకుండా బొమ్మలు చేయనిచ్చాడు. వాసెఫ్ మట్టికి బదులు మగ్గాన్ని ఎంచుకున్నాడు. భార్య సోఫీతో కలిసి మట్టి ఇటుకలతో గుమ్మటాల పనిశాలలు కట్టాడు, పొలం పిల్లల్ని కూర్చోబెట్టాడు.

పెట్టినవి మూడే షరతులు. ముందుగా బొమ్మ గీయకూడదు, ఇతరుల కళను చూసి అనుకరించకూడదు, పెద్దలెవరూ తప్పు పట్టకూడదు. వినడానికి తేలికే కానీ, టాపెస్ట్రీ మగ్గం ముందు కూర్చున్నవారికి ఇది చిన్న పరీక్ష కాదు. పడుగు నిలువుగా బిగించి ఉంటుంది. పేక ఈ చివర నుంచి ఆ చివరకు పోదు. ఒక్కో రంగు దారం తన మేర వరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది, దాన్ని దువ్వెనతో కిందికి దట్టించాలి. నేసిన భాగం కింది దూలానికి చుట్టుకుపోతుంటే, చెట్టు మొదలు కళ్లముందు లేకుండానే కొమ్మలు నేయాలి. బొమ్మంతా మనసులోనే ఉండాలి. ఇవాళ్టి పాఠకుడికి బాలకార్మికులు గుర్తుకు రావచ్చు, ఆ అనుమానం న్యాయమైనదే. కానీ నమూనా చేతికిచ్చి వేళ్ల వేగాన్ని కొనుక్కునే తివాచీ కార్ఖానాల పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు దారి. ఇక్కడ ఊహ పిల్లలదే. పనికి డబ్బూ ముట్టేది. ఆ తొలి జట్టులోని వాళ్లు పెద్దయ్యాకా మగ్గం వదల్లేదు. కరీమా అలీ, గారియా మహమూద్, అలీ సెలీమ్ లాంటివారు పేరున్న కళాకారులయ్యారు.

రంగుల విషయంలో వాసెఫ్ పట్టుదల నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. మాడర్, నీలి, పసుపు రంగునిచ్చే వెల్డ్ మొక్కల్ని ఆవరణలోనే పెంచారు. మాడర్ వేరు ఎర్రబారడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. బానలో నీళ్లు కుతకుత ఉడికాయంటే ఎరుపు కాస్తా గోధుమ రంగులోకి దిగుతుంది, కాబట్టి సెగ తగ్గించి ఓపిక పట్టాలి. నీలి తీరు వేరు. అది నీళ్లలో కరగదు. క్షారంలో పులిసి, కరిగే రూపంలోకి మారాకే ఉన్నికి పడుతుంది. బానలోంచి తీసిన చిలప ముందు పసుపుపచ్చగా ఉంటుంది, గాలి తగిలిన కొద్దీ కళ్లెదుటే ఆకుపచ్చగా మారి, చివరికి నీలమవుతుంది. పొలం ఆకుపచ్చ కావాలంటే వెల్డ్‌లో ముంచిన ఉన్నిని నీలిలోనూ ముంచాలి. ఏ రెండు బానలూ అచ్చంగా ఒకే ఛాయనివ్వవు. ఖర్జూరపు తోపు నేసే మనిషికి అది వరం. పది రకాల ఆకుపచ్చలు పక్కపక్కన పడ్డప్పుడే చెట్టుకూ చెట్టుకూ మధ్య గాలి ఆడుతుంది. అచ్చు గుద్దినట్టుండే డబ్బా రంగుతో ఆ పని సాధ్యమయ్యేది కాదని నా అభిప్రాయం.

1974లో వాసెఫ్ కన్నుమూశాడు. అప్పటికే యూరప్‌లో హర్రానియా టాపెస్ట్రీలకు పేరొచ్చింది. కూతుళ్లు సుజాన్, యోవానా సోఫీతో కలిసి రెండో తరం నేతగాళ్లను తయారుచేశారు. 1983లో ఈ కేంద్రానికి వాస్తుకళలో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. ఆ మట్టి గుమ్మటాలు అందమైనవే, పురస్కారానికి తగినవే. కానీ రంగు మొక్కల మడినీ మగ్గాన్నీ ఒకే ఆవరణలోకి తేవడం నా లెక్కలో అంతకన్నా పెద్ద పని. నేతగాడికి తన రంగు ఎక్కడ మొలిచిందో, ఏ బానలో ఉడికిందో తెలిసేలా చేసింది అదే.